ఘానా అమ్మాయి, పల్లీల పేస్టు వ్యాపారం: ఏ ఫెలోషిప్‌కి అప్లై చేస్తే మంచిది?

రాజేంద్రనగర్ టీచర్ | అక్టోబరు 6

అందరికీ నమస్కారం. నేను రిటైరైన బయాలజీ లెక్చరర్‌ని. మా మేడ మీద పోర్షన్‌లో రెండేళ్లుగా ఘానా అమ్మాయి ఒకామె అద్దెకుంటోంది. ఇక్కడే అగ్రికల్చర్‌లో ఎమ్మెస్సీ చేసింది. వేరుశనగకు పట్టే బూజు మీద ప్రాజెక్టు. థీసిస్ ఇచ్చేసింది, డిసెంబరులో వెళ్లిపోతుంది. సొంతూరు తమాలే, ఘానాకి ఉత్తరాన ఉంది.

తనకి ఊళ్లో పల్లీల పేస్టు తయారు చేసి అమ్మాలని ఉంది. బూజు లేని పేస్టు, పరీక్ష చేయించి డబ్బా మీద ఆ సంగతి రాసి అమ్మాలంటుంది. వాళ్ల నాన్న మాత్రం "ఇంత చదివించింది రోట్లో పల్లీలు రుబ్బడానికా, గవర్నమెంటు ఉద్యోగం చూసుకో" అంటున్నారట. వీడియో కాల్‌లో ఆయన గొంతు విన్నాను. కోపం కాదు, భయం. ఆ మాట నాకు కొత్త కాదు, మా ఇంట్లోనూ విన్నదే.

ఆఫ్రికా డిగ్రీ పిల్లలకి వ్యాపారం పెట్టుకోవడానికి ఫెలోషిప్‌లు ఉన్నాయని తను నాలుగైదు పేర్లు చెప్పింది. నాకు వాటి గురించి ఏమీ తెలియదు. ఆ దేశాల్లో ఉంటున్న మన వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. ఏది అసలైనది, ఏది తనకి సరిపోతుంది, దయచేసి చెప్పండి. కన్నకూతురి విషయం అడుగుతున్నట్టే అడుగుతున్నాను.

---

అక్రా నుంచి | అక్టోబరు 6

టీచర్ గారూ, నేను ఘానా రాజధాని అక్రాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ప్యాకింగ్ డబ్బాలు తయారు చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా దగ్గరికి ఇలాంటి పిల్లలు వారానికొకరు వస్తారు, "200 డబ్బాలు ఇస్తారా" అని.

ఇక్కడ అందరి నోట్లో ముందు నానే పేరు మెస్ట్, వ్యాపారం నేర్పే సంస్థ. 2008లో మొదలైంది, ఇక్కడి ఈస్ట్ లెగాన్ ఏరియాలో ఉంటుంది. మెల్ట్‌వాటర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన నార్వే ఆయన, యోర్న్ లిసెగ్గెన్, స్థాపించారు. డిగ్రీ అయిన వాళ్లని ఏరి ఏడాది పాటు ఫీజు లేకుండా, ఉండటానికి చోటిచ్చి నేర్పిస్తారు. కోడింగ్, అమ్మకం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, అన్నీ కలిపి. మొదట్లో ఘానా పిల్లలే ఉండేవారు. తర్వాత నైజీరియా, కెన్యా, దక్షిణాఫ్రికా నుంచి కూడా తీసుకున్నారు. ఏడాది చివర జట్లుగా తమ ఆలోచన చెప్పాలి. నచ్చిన వాటికి పెట్టుబడి పెట్టి, కంపెనీలో వాటా తీసుకుంటారు. అక్కడ పుట్టిన క్లెయిమ్‌సింక్ అనే కంపెనీ ఆసుపత్రుల ఇన్సూరెన్స్ బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసేది. దాన్ని నెదర్లాండ్స్ కంపెనీ కొనుక్కుంది.

కానీ అక్కా, అది సాఫ్ట్‌వేర్ వాళ్ల బడి. మీ అమ్మాయిది పల్లీల పేస్టు. అక్కడ అప్లై చేయాలంటే పల్లీలకి ఒక యాప్ తగిలించాలి. అలా తగిలించిన వాళ్లని చూశాను, ఆరు నెలల తర్వాత యాప్ మిగిలింది, సరుకు పోయింది. వద్దని చెప్పండి.

---

లాగోస్ లెక్కలు | అక్టోబరు 6

టోనీ ఎలుమెలు ఫౌండేషన్ గురించి నేను చెప్తాను. యూబీఏ అనే నైజీరియా బ్యాంకు చైర్మన్ ఆయన. ఫౌండేషన్ 2010లో పెట్టారు, ఈ వ్యాపార కార్యక్రమం 2015లో మొదలుపెట్టారు. పదేళ్లలో పదివేల మంది అని, 10 కోట్ల డాలర్లు తీసి పక్కన పెట్టారు. ఆఫ్రికాలోని 54 దేశాల వాళ్లూ అప్లై చేయొచ్చు. అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఏటా జనవరి 1న తెరుస్తారు, మార్చి 1న మూసేస్తారు. ఎంపికైన వాళ్లకి ఆన్‌లైన్‌లో ట్రైనింగ్, ఒక మెంటార్. అది పూర్తి చేసి బిజినెస్ ప్లాన్ పాసైతే 5,000 డాలర్లు. వెనక్కి కట్టక్కర్లేదు, వాటా అడగరు.

మన రూపాయల్లో 4 లక్షలు దాటుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉండి చూస్తే అంతే. ఇక్కడి నుంచి చూడండి. ఘానాలో 2022 డిసెంబరులో ధరల పెరుగుదల 54 శాతం దాటింది, అదే నెలలో ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. 2023లో అక్కడి సెంట్రల్ బ్యాంకు వడ్డీ రేటు 30 శాతం. సెంట్రల్ బ్యాంకు రేటే 30 అయితే మామూలు బ్యాంకు పల్లీల పేస్టు పెట్టుకునే అమ్మాయికి ఎంతకిస్తుంది? అసలు ఇస్తుందా? మన దగ్గర ముద్ర లోన్ ఉంది, డ్వాక్రా సంఘం ఉంది, చీటీ ఉంది, మేనమామ ఉన్నాడు. అక్కడ వడ్డీ లేని 5,000 డాలర్లు అంటే, కొన్ని వ్యాపారాలకి పుట్టడానికి ఉన్న ఒకే దారి.

పోటీ మాత్రం ఘోరం. మొదటి ఏడాది 20 వేల మంది అప్లై చేస్తే వెయ్యి మందికి వచ్చింది. 2019కి అప్లై చేసిన వాళ్లు 2 లక్షల 16 వేలు, వచ్చింది 3,050 మందికి. ఇరవైకి ఒకటి కాస్తా డెబ్బైకి ఒకటి అయింది. రాకపోతే ఆ అమ్మాయి మనసు విరగకుండా ముందే చెప్పి ఉంచండి.

---

రాజేంద్రనగర్ టీచర్ | అక్టోబరు 7

ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి తనకి అంతా చదివి చెప్పాను. "యాప్ తగిలించడం" అన్న మాట దగ్గర గట్టిగా తలూపింది. తనకీ ఎవరో అలాగే సలహా ఇచ్చారట.

తను లిస్టులో ఇంకో పేరు రాసుకుంది, మండేలా వాషింగ్టన్ ఫెలోషిప్. అది ఎలాంటిది?

---

నైరోబీలో రాయలసీమ | అక్టోబరు 7

అది ఒబామా కాలంలో, 2014లో 500 మందితో మొదలైంది. అమెరికా యూనివర్సిటీల్లో ఆరు వారాలు. నాయకత్వం, పరిచయాలు, పెద్ద ప్రపంచం చూడటం. 25 ఏళ్లు నిండి, ఇప్పటికే ఏదో చేసి చూపించిన వాళ్లకి. వ్యాపారం మొదలుపెట్టే డబ్బు కోసం వెళ్లేది కాదు. నాలుగేళ్ల తర్వాత, అప్పటికి అది నడుస్తూ ఉంటే ఆలోచించొచ్చు.

నాకు వేరే అనుమానం ఉంది, చెప్పనివ్వండి. ఇక్కడ నేను పదేళ్లలో చూసింది ఏమిటంటే, ఫెలోషిప్ నుంచి ఫెలోషిప్‌కి వెళ్తూ ఉండేవాళ్లు ఒక తరగతి తయారయ్యారు. అప్లికేషన్ రాయడంలో ఆరితేరతారు. స్టేజి మీద అద్భుతంగా మాట్లాడతారు. మూడేళ్ల తర్వాత అడిగితే సరుకు ఇంకా "త్వరలో". తప్పు పిల్లలది అనను. ఇచ్చేవాళ్లకి ఫోటోలు కావాలి, నెల నెలా రిపోర్టు కావాలి. రిపోర్టు రాసే చేతులు పల్లీలు ఎప్పుడు వేయిస్తాయి?

వాళ్ల నాన్న చెప్పేది పూర్తిగా తీసిపారేయకండి. రెండేళ్లు ఏదైనా ఫుడ్ కంపెనీలో పని చేసి, జీతం దాచుకుని, అప్పుడు పెడితే ఏం పోతుంది?

---

మాదాపూర్ ప్రయాణం | అక్టోబరు 7

నైరోబీ అన్నా, మీరు చెప్పిన తరగతిలో నేను ఉన్నాను. హైదరాబాద్‌లోనే. రెండేళ్లలో మూడు ఇంక్యుబేషన్ ప్రోగ్రాములు, అంటే కొత్త కంపెనీలకి శిక్షణ ఇచ్చేవి, చేశాను. పేర్లు అక్కర్లేదు, అన్నీ మంచి మనసుతో నడిపినవే. ప్రతి చోటా కొత్త మెంటార్ వచ్చి ప్లాన్ మార్చమన్నారు, మార్చాను. డబ్బులు కూడా వచ్చాయి. రానిది ఒక్కటే, రెండోసారి మళ్లీ కొనే కస్టమర్. కంపెనీ మూసేసిన రోజు మా అమ్మ ఏమీ అనలేదు, అన్నం పెట్టింది. అది ఇప్పటికీ గుర్తుంది.

అయినా మీ చివరి మాటతో ఒప్పుకోలేను. "రెండేళ్లు ఉద్యోగం చేసి" అన్నవాళ్లలో వెనక్కి వచ్చి వ్యాపారం పెట్టినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జీతం వచ్చాక తమ్ముడి ఫీజు వస్తుంది, ఇంటి రిపేరు వస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక ఒక ఏడాది ఉంటుంది, అప్పటికి ఇంకా ఎవరూ మన సంపాదన మీద ఆధారపడి ఉండరు. నా దృష్టిలో ఫెలోషిప్ విలువంతా ఆ ఏడాదిని కాపాడటంలోనే ఉంది. ఇంట్లో "ఏం చేస్తోంది మీ అమ్మాయి" అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక పేరు ఉంటుంది. వాళ్ల నాన్నకి కావలసింది కూడా బహుశా ఆ పేరే.

తనకి నా సలహా ఒకటే. అప్లై చేసే ముందు 30 డబ్బాలు అమ్మమనండి. ఫ్రెండ్స్‌కి కాదు.

---

అక్రా నుంచి | అక్టోబరు 7

మాదాపూర్ తమ్ముడు ఏడాది అన్నాడు కాబట్టి గుర్తొచ్చింది. ఘానాలో డిగ్రీ అయినవాళ్లు ఒక ఏడాది నేషనల్ సర్వీస్ చేస్తారు. 1973 నుంచి ఉంది. బడిలోనో, ఆఫీసులోనో, వ్యవసాయ శాఖలోనో వేస్తారు, నెలకి కొద్దిగా భత్యం ఇస్తారు. తను ఇండియా రాకముందే చేసిందో లేదో అడగండి. చేయకపోతే తమాలే పక్కనే న్యాంక్‌పాలాలో సవన్నా వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, వేరుశనగ రకాల మీద పని చేసేది అదే. అక్కడ పోస్టింగ్ దొరికితే ఏడాదంతా రైతుల మధ్యే ఉంటుంది.

ఇంకోటి. ప్యాక్ చేసిన తిండి అమ్మాలంటే ఘానాలో ఫుడ్ అండ్ డ్రగ్స్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చాలామంది గ్రాంటు డబ్బంతా మిషన్ మీద పెట్టేసి దీన్ని మర్చిపోతారు. లేబుల్ లేకుండా సూపర్ మార్కెట్ గుమ్మం ఎక్కలేరు.

పల్లీల పేస్టు అక్కడ ఏమిటో మీకు చెప్పాలి టీచర్ గారూ. మనకి పల్లీ చట్నీ ఎలాగో వాళ్లకి న్కటెన్‌క్వాన్ అలాగ. పల్లీల పులుసు, ఫుఫు ముద్దతో తింటారు. మా ఇంట్లో వంట చేసే ఆవిడ వారానికి రెండుసార్లు చేస్తుంది, నా పిల్లలు సాంబారు మానేసి అదే తింటారు. మార్కెట్లో పెద్ద గిన్నెలో పేస్టు గుట్టగా పెట్టి గరిటెతో తీసి అమ్ముతారు. అందులో ఏ గింజ పడిందో దేవుడికి తెలియాలి. కాబట్టి మార్కెట్ ఉందా అన్న ప్రశ్నే లేదు. మంచిదని నమ్మి పది పైసలు ఎక్కువ ఇస్తారా అన్నదే ప్రశ్న.

---

కదిరి శెనక్కాయ | అక్టోబరు 8

అమ్మా, మాది కదిరి. మూడు తరాలుగా శెనక్కాయ వ్యాపారం, కాయలు ఒలిచే మిల్లు ఉంది. ఫెలోషిప్‌లు నాకు తెలీదు. కాయ తెలుసు. అందుకే రాస్తున్నా.

పై ఆయన చెప్పింది నిజం, పేస్టులో పుచ్చు కనపడదు. గింజగా అమ్మితే ముడుచుకుపోయింది, రంగు మారింది, మొలకొచ్చింది కొనేవాడు ఏరి పక్కన పడేస్తాడు. అవన్నీ చివరికి ఎక్కడికి పోతాయి? రుబ్బేదాంట్లోకి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషం ఎక్కువగా ఉండేది ఆ గింజల్లోనే. వేయిస్తే పోతుందనుకుంటారు, పూర్తిగా పోదు. చేత్తో ఏరితేనే ముప్పాతిక వంతు పని అయిపోతుంది. పెద్ద మిషన్ అక్కర్లేదు, నలుగురు ఆడవాళ్లు, వెలుతురున్న వసారా చాలు.

బూజు గోదాములో మొదలవుతుందనుకుంటారు, కాదు. పంట చివర్లో వాన లేక నేల కాగితే చేలోనే మొదలవుతుంది. తర్వాత తడి కాయ కుప్ప వేస్తే పెరుగుతుంది. గింజలో తేమ 8 శాతం లోపు వచ్చేదాకా ఎండాలి. మేము చెవి దగ్గర పెట్టి ఆడిస్తాం, గలగలమనాలి. అయినా నేను తేమ మీటరు పెట్టుకున్నా, చెవికి వయసొస్తుంది కదా.

లెక్క చెప్తా, రాసుకోమనండి. 100 కిలోల కాయ ఒలిస్తే మంచి ఏడాది 70 కిలోల గింజ, మామూలుగా 66, 68. ఏరితే ఒక 5 పోతుంది. వేయించి పొట్టు తీస్తే తేమా పొట్టూ కలిపి మరో 4, 5. చేతికి 58 కిలోల పేస్టు వస్తే సంతోషపడాలి. 100 కిలోలకి 70 అని ప్లాన్‌లో రాసుకుంటే మొదటి నెలే మునుగుతుంది.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. శెనక్కాయ ఏడాదికి ఒక్కసారి చవక, పంట చేతికొచ్చిన నెలన్నర. అప్పుడు కొనుక్కుని పెట్టుకున్నోడే వ్యాపారి. మిగతా ఏడాదంతా మిగిలినోళ్లు వాడి దగ్గర కొంటారు. ఆ డాలర్లు ఎప్పుడు చేతికొస్తాయో అడగండి. పంట అయిపోయిన ఆరు నెలలకి వస్తే ఆ డబ్బుతో కాయ కొనొద్దని చెప్పండి.

---

లాగోస్ లెక్కలు | అక్టోబరు 8

కదిరి అన్నా, ఫెలోషిప్ వాళ్ల ట్రైనింగ్‌లో చెప్పనిది మీరు ఒక్క పోస్టులో చెప్పారు.

మా ఆఫీసులో పనిచేసే ఒకాయన భార్యకి ఆ గ్రాంటు వచ్చింది. కోళ్ల ఫారం. డబ్బు రావడానికీ, కోడిపిల్లల ధర తక్కువగా ఉన్న కాలానికీ పొంతన కుదరలేదు. ఆవిడ తెలివిగా డబ్బుని మూడు భాగాలు చేసుకుంది. షెడ్డుకి ఒకటి, మేతకి ఒకటి, మూడోది ముట్టుకోలేదు. తర్వాత నైజీరియా డబ్బు నైరా పడిపోయింది, 2023 జూన్ తర్వాత మేత ధర ఎక్కడికో వెళ్లింది. ఆ మూడో భాగమే కాపాడింది. ఇప్పుడు ఇంకా నడుస్తోంది.

---

నైరోబీలో రాయలసీమ | అక్టోబరు 8

ఉద్యోగం చేసి రమ్మన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కదిరి పోస్టు చదివాక అర్థమైంది, ఈ అమ్మాయికి కావలసిన అనుభవం ఫుడ్ కంపెనీ ఏసీ గదిలో దొరకదు.

ఒక ఉదాహరణ తన ప్లాన్‌కి పనికొస్తుంది. మలావీలో నాస్‌ఫామ్ అని చిన్న రైతుల సంఘం ఉంది. అఫ్లటాక్సిన్ భయంతో యూరప్ కొనడం మానేస్తే, మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన చవక పరీక్ష పద్ధతి వాడుకుని మళ్లీ అమ్మకం మొదలుపెట్టారు. నేరుగా తినే పల్లీలకి యూరప్ పెట్టిన హద్దు కిలోకి 4 మైక్రోగ్రాములు. మన దేశంలో హద్దు అంతకంటే ఎక్కువే. "పరీక్ష చేసిన పల్లీ" అనేది ఊహ కాదని చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

---

రాజేంద్రనగర్ టీచర్ | అక్టోబరు 9

మీ అందరి పోస్టులూ ప్రింట్ తీయించాను. తను తెలుగు చదవలేదు కాబట్టి కూర్చుని లైను లైనుకీ చెప్పాను. రెండు గంటలు పట్టింది. కదిరి గారి లెక్క దగ్గర నోట్‌బుక్ తెచ్చి తన పాత లెక్క కొట్టేసింది. నిజంగానే 70 అని రాసుకుంది.

నేషనల్ సర్వీస్ ఇక్కడికి రాకముందే చేసేసిందట, ఒక బళ్లో సైన్స్ చెప్పింది. పంట సంగతి అడిగితే, తమాలే వైపు కూడా ఒకే పంట, వానల మీదే. దాదాపు మనకి కోసే రోజుల్లోనే అక్కడా కోస్తారు. అంటే జనవరిలో అప్లై చేసి, ట్రైనింగ్ చేసి, డబ్బు వచ్చేసరికి ఎప్పుడవుతుందో చూసుకుని, వచ్చే సీజన్‌కి సరిపెట్టుకోవాలి. ఈ లోపు వాళ్ల మేనత్త దగ్గర ఉన్న కాయతో చిన్నగా మొదలుపెడతానంటోంది. మేనత్త మార్కెట్లో ఇరవై ఏళ్లుగా పేస్టు అమ్ముతోందట! ఇన్ని రోజులూ ఈ సంగతి నాకు చెప్పనే లేదు. "అది వ్యాపారం అని నేను అనుకోలేదు, అత్త పని అనుకున్నా" అంది.

---

మాదాపూర్ ప్రయాణం | అక్టోబరు 9

టీచర్ గారూ, అప్లికేషన్‌లో మొదటి లైను అదే రాయమనండి. మేనత్త గురించి. ఇరవై ఏళ్లుగా మళ్లీ మళ్లీ కొంటున్న కస్టమర్లు ఉన్న మనిషి ఇంట్లోనే ఉంది. నాకు దొరకనిది అదే.

---

అక్రా నుంచి | అక్టోబరు 9

నిజం. మేనత్తని పక్కకి తప్పించి కొత్త బ్రాండ్ పెట్టొద్దు, ఆవిడని భాగస్వామిని చేయమనండి. మరొకటి, అక్రాలో కోస్మోస్ ఇన్నొవేషన్ సెంటర్ అని 2016 నుంచి ఉంది. వ్యవసాయ వ్యాపారాలు పెట్టుకునే యువతకి పోటీ, శిక్షణ నడుపుతారు. మెస్ట్ కంటే అది తనకి దగ్గర. టోనీ ఎలుమెలుతో పాటు దాన్నీ చూడమనండి. తమాలే నుంచి అక్రా 600 కిలోమీటర్ల పైనే, వస్తే మా ఇంట్లో దిగొచ్చు, మా ఆవిడ ఉంది. డబ్బాలు 200 కాదు, 50 అడిగినా ఇప్పిస్తాను.

---

కదిరి శెనక్కాయ | అక్టోబరు 10

అమ్మా, మా వైపు కాయ పీకడం మొదలైంది. వచ్చే ఆదివారం ఆ పాపని తీసుకుని రండి. మిల్లు చూస్తుంది, ఏరేవాళ్లతో కూర్చుంటుంది. ఊళ్లో వేరుశనగ పరిశోధన కేంద్రం కూడా ఉంది, కె-6 రకం ఇచ్చింది వాళ్లే. భోజనం మా ఇంట్లో. కారం తింటుందా?

---

రాజేంద్రనగర్ టీచర్ | అక్టోబరు 10

మాకంటే ఎక్కువ తింటుంది. వస్తున్నాం.

---

రాజేంద్రనగర్ టీచర్ | అక్టోబరు 21

వెళ్లొచ్చాం. ముందుగా కదిరి వారి ఇంట్లో వాళ్లందరికీ నమస్కారాలు. ఉగ్గాని, బజ్జీ, ఆ పాప రెండుసార్లు వడ్డించుకుంది.

మిల్లులో ఏరే ఆడవాళ్ల మధ్య కింద కూర్చుని మూడు గంటలు ఏరింది. భాష లేదు, చేతులతోనే మాట్లాడుకున్నారు. ఒక పెద్దావిడ తన చేతిలోంచి గింజ లాక్కుని, గోటితో చీల్చి లోపల పసుపుపచ్చ బూజు చూపించింది. పైకి నిగనిగలాడుతోంది ఆ గింజ! మైక్రోస్కోపులో రెండేళ్లు చూసిన బూజుని చూసి, "ఈవిడకి బయటి నుంచే ఎలా తెలిసింది" అని దారి పొడవునా అడుగుతూనే ఉంది. మనిషికి రోజుకి ఎన్ని కిలోలు, ఎంత కూలి, ఏ గంటకి కళ్లు అలసిపోతాయి, అన్నీ రాసుకుంది.

రాత్రి వాళ్ల నాన్నకి వీడియో కాల్ చేసింది. నన్నూ కూర్చోబెట్టింది. ఏరే ఫోటోలు చూపించి, మేనత్త పేరు మీద కలిసి పెడతామని చెప్పింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా చెల్లెల్ని అడిగావా?" అన్నారట. తను నాకు ఇంగ్లీషులో చెప్పింది. అడగలేదట ఇంకా. రేపు అడుగుతుంది.

టోనీ ఎలుమెలు అప్లికేషన్‌కి సమాధానాలు ఇప్పటి నుంచే పేపరు మీద రాస్తోంది, జనవరి 1కి తమాలేలో ఉంటుంది. అక్రా తమ్ముడూ, నీ నంబరు నాకు మెసేజ్‌లో పంపు.

---

కదిరి శెనక్కాయ | అక్టోబరు 21

పాప నోట్‌బుక్ మా వసారాలో మర్చిపోయింది టీచరమ్మా, పసుపు అట్టది. రేపు ఉదయం హైదరాబాద్ బస్సులో పార్సిల్ వేస్తా. అందులోనే నా పాత తేమ మీటరు కూడా పెడుతున్నా. బ్యాటరీ కొత్తది వేసుకోమని చెప్పండి.